కుండ తట్టి చూసే లెక్క

మా వదిన పుట్టింటి నుంచి సారె వచ్చిన రోజు లడ్డూల బుట్టలో సరిగ్గా 101 లడ్డూలు ఉన్నాయి. వీధిలో పంచడానికి అమ్మ లెక్క మొదలుపెట్టింది. పాతిక ఇళ్లకు నాలుగేసి ఇస్తే ఒకటి మిగిలింది. ఇరవై ఇళ్లకు ఐదేసి అనుకున్నా ఒకటి మిగిలింది. ముప్పై మూడు ఇళ్లకు మూడేసి అంటే రెండు మిగిలాయి. ఎలా పంచినా ఏదో ఒకటి మిగులుతూనే ఉంది. ఆ మిగిలే లడ్డూ కోసం కాచుకుని కూర్చున్న మాకు అది కష్టంగా ఏమీ అనిపించలేదు గానీ, అమ్మ మాత్రం విసుక్కుంది. "ఏం లెక్కో ఇది, ఎటూ తెగదు!"

నిజంగానే తెగదు. 101 ప్రధాన సంఖ్య. ఒక్కరే తీసుకోవాలి, లేదా 101 మంది తలా ఒకటి తీసుకోవాలి. మధ్యేమార్గం లేదు.

చదివింపుల అంకెలు ఇంత మొండివి కావు. నూట పదహార్లను నలుగురు పురోహితులు పంచుకుంటే తలా 29 రూపాయలు. వెయ్యి నూట పదహార్లయితే ఇంకా ఉదారం. తొమ్మిది మంది పంచుకోవచ్చు, పన్నెండు మంది పంచుకోవచ్చు, 31 మంది వచ్చినా తలా 36 చొప్పున పైసా మిగలకుండా సరిపోతుంది. ఇలా శేషం లేకుండా భాగించే సంఖ్యలే కారణాంకాలు. 116కు ఆరు ఉంటే 1116కు పద్దెనిమిది ఉన్నాయి. 101కి ఉన్నవి రెండే, ఒకటీ, తనూ.

మరి అమ్మ ఎన్నిసార్లు ప్రయత్నించి ఉంటే 101 తెగదని తేలేది? వంద సార్లా? నాలుగు సార్లు చాలు.

జంటలో ఒకటి చిన్నదే

కారణాంకాలు ఒంటరిగా రావు. 116లో 2 దొరికిందంటే దాని వెంటే 58 ఉంటుంది, 4 దొరికితే 29 ఉంటుంది. ఒకటి పెరిగితే రెండోది తగ్గాలి. రెండూ ఒక హద్దు దాటితే లబ్ధం అసలు సంఖ్యను మించిపోతుంది. 101 విషయంలో ఆ హద్దు పదికి కాస్త పైన ఉంది. పది పదులు వంద, పదకొండు పదకొండ్లు 121. కాబట్టి 101ని రెండు సంఖ్యల లబ్ధంగా రాయగలిగితే వాటిలో ఒకటి పదిలోపే ఉండి తీరాలి. పదిలోపు ఏదీ దొరకకపోతే పైన వెతకడం దండగ.

పదిలోపు కూడా అన్నీ చూడక్కర్లేదు. రెండుతో పోని సంఖ్య నాలుగుతోనూ పోదు, ఆరుతోనూ పోదు. మూడుతో పోనిది తొమ్మిదితో పోదు. ఇక మిగిలినవి 2, 3, 5, 7. నాలుగు భాగహారాలు చేస్తే తీర్పు వచ్చేస్తుంది.

వీటిలో మొదటి మూడింటికి భాగహారం కూడా అక్కర్లేదు. చివరి అంకె చూస్తే రెండు, ఐదుల సంగతి తెలుస్తుంది. అంకెలన్నీ కూడితే మూడు, తొమ్మిదుల సంగతి తెలుస్తుంది. ఈ సూత్రాన్ని మనం బళ్లో బట్టీ పట్టాం. ఎందుకు పనిచేస్తుందో చెప్పిన మాస్టారు నాకైతే తగల్లేదు. కారణం చెప్పడానికి రెండు నిమిషాలు చాలు. వెయ్యి అంటే 999 మీద ఒకటి. వంద అంటే 99 మీద ఒకటి. పది అంటే 9 మీద ఒకటి. 1116లో 999, 99, 9 ఎలాగూ తొమ్మిదితో పోయేవే, వాటిని పక్కన పెట్టేయండి. వెయ్యి తాలూకు ఒకటి, వంద తాలూకు ఒకటి, పది తాలూకు ఒకటి, ఒకట్ల స్థానంలో ఆరు మిగులుతాయి. మొత్తం తొమ్మిది. అంటే 1116 కూడా తొమ్మిదితో పోతుంది. అంకెలు కూడటం అంటే తొమ్మిదులన్నీ తీసేశాక మిగిలిన చిల్లరను లెక్కపెట్టడమే.

ఏడుకు ఇంత సులువైన సూత్రం లేదు. అందుకే 91ని చూసి చాలామంది ప్రధాన సంఖ్య అనుకుంటారు. పదమూడో ఎక్కం ఏడు దాకా గుర్తున్నవాళ్లే దాన్ని పట్టుకుంటారు.

[చేసి చూడండి]
ఎవరినైనా మూడంకెల సంఖ్య ఒకటి అనుకోమనండి. దాన్నే పక్కన మళ్లీ రాయమనండి. 347 అనుకుంటే 347347 అవుతుంది. ఆ సంఖ్య ఏడుతో నిశ్శేషంగా పోతుందని మీరు చూడకుండానే చెప్పేయండి. వచ్చిన జవాబు పదకొండుతో పోతుంది, ఆపైన వచ్చింది పదమూడుతో పోతుంది. చివరికి వాళ్లు అనుకున్న 347 బయటికి వస్తుంది. రహస్యం ఏమిటంటే, సంఖ్యను రెండుసార్లు రాయడం అంటే 1001తో గుణించడమే. ఏడు, పదకొండు, పదమూడుల లబ్ధం 1001.

జల్లెడ పట్టడం

ఒక సంఖ్య సంగతి కాకుండా, వందలోపు ప్రధాన సంఖ్యలన్నీ కావాలంటే పద్ధతి తిరగేయాలి. కారణాంకాలు వెతకడం మానేసి గుణిజాలను కొట్టేసుకుంటూ పోవాలి. క్రీస్తుపూర్వం మూడో శతాబ్దంలో అలెగ్జాండ్రియా గ్రంథాలయానికి అధిపతిగా ఉన్న ఎరటోస్తనీస్ పేరు మీద ఈ పద్ధతి నిలిచింది. భూమి చుట్టుకొలతను నీడల సాయంతో అంచనా వేసినవాడు ఈయనే. పద్ధతి పేరు జల్లెడ.

రెండు నుంచి వంద దాకా రాసుకోండి. రెండును ఉంచి దాని గుణిజాలన్నీ కొట్టేయండి. మూడును ఉంచి ప్రతి మూడోదాన్నీ కొట్టేయండి. ఐదుకు, ఏడుకు అలాగే చేయండి. తర్వాత ఆపేయవచ్చు, ఎందుకో పై భాగంలో చూశాం. జల్లెడలో నిలిచినవి 25. ఈ పనిలో ఒక్క భాగహారం కూడా లేదు, ఎక్కాలు వస్తే చాలు. వెయ్యి దాకా జల్లించినా నాలుగు ఎక్కాలు పదకొండు అవుతాయంతే. 168 ప్రధాన సంఖ్యలు దొరుకుతాయి.

ఇబ్బంది ఒక్కటే. జల్లెడ పట్టాలంటే బియ్యం మొత్తం ఎదురుగా ఉండాలి. సంఖ్యకు ఇరవై అంకెలుంటే దానిలోపు సంఖ్యలన్నీ రాయడానికి కాగితం ఎక్కడ తెస్తాం?

భాగించి చూసే పద్ధతీ అక్కడ చతికిలబడుతుంది. సంఖ్యకు రెండు అంకెలు చేరినప్పుడల్లా వెతకాల్సిన మేర పది రెట్లవుతుంది. 1874లో ఇంగ్లండులో విలియం స్టాన్లీ జెవన్స్ అనే ఆర్థికవేత్త తన పుస్తకంలో 8616460799 అనే పదంకెల సంఖ్య ఇచ్చి, ఏ రెండు సంఖ్యలను గుణిస్తే ఇది వచ్చిందో తనకు తప్ప ఇంకెవరికీ ఎప్పటికీ తెలిసే అవకాశం తక్కువేనన్నాడు. పాపం, ముప్పై ఏళ్లు కూడా నిలవలేదు ఆ ధీమా. అది 89681, 96079ల లబ్ధం. ఇవాళ మీ ఫోను రెప్పపాటులో చెప్పేస్తుంది. అయినా జెవన్స్ ఊహలో ఒక ముఖ్యమైన సంగతి ఉంది. గుణించడం ఎంత తేలికో విడదీయడం అంత కష్టం. పాలల్లో నీళ్లు కలపడానికి క్షణం చాలు.

ఆదివారాలు మింగిన సంఖ్య

రెండును 67 సార్లు వేసి గుణించి, ఒకటి తీసేస్తే 147573952589676412927 వస్తుంది. ఇది ప్రధాన సంఖ్యేనని 1644లో ఫ్రెంచి మతాచార్యుడు మెరిన్ మెర్సెన్ ప్రకటించాడు. ఎవరు కాదనగలరు? 21 అంకెల సంఖ్యను భాగించి చూసే ఓపిక ఎవరికుంది?

1876లో ఎదువార్ లుకా అనే ఫ్రెంచి గణితజ్ఞుడు అది ప్రధాన సంఖ్య కాదని రుజువు చేశాడు. చిత్రమేమిటంటే, దాని కారణాంకం ఒక్కటి కూడా ఆయన చూపించలేదు, చూపించలేడు కూడా. విరుగుతుందని తెలుసు, ఎక్కడ విరుగుతుందో తెలియదు.

1903 అక్టోబరులో న్యూయార్కులో జరిగిన అమెరికన్ మేథమెటికల్ సొసైటీ సమావేశంలో గణితజ్ఞుడు ఫ్రాంక్ నెల్సన్ కోల్ ప్రసంగించాల్సి ఉంది. ఆయన నోరు మెదపకుండా బోర్డు దగ్గరికి వెళ్లి, ఒక పక్క ఆ 21 అంకెల సంఖ్యను రాబట్టాడట. ఇంకోపక్క 193707721ని 761838257287తో చేత్తో గుణించాడట. రెండు జవాబులూ ఒకటే అయ్యేసరికి సభ చప్పట్లతో మోగిపోయిందట. ఎంతకాలం పట్టిందని తర్వాత అడిగితే, మూడేళ్ల ఆదివారాలు అన్నాడట. ఇన్ని 'అట'లు ఎందుకంటే ఈ కథ మనకు గణితజ్ఞుల కథలు రాసిన ఇ. టి. బెల్ చెప్పగా వచ్చింది, కథలకు రంగులద్దడంలో ఆయన సిద్ధహస్తుడు. కోల్ ఇచ్చిన కారణాంకాల్లో మాత్రం ఏ రంగూ లేదు. కాగితం, పెన్సిలు ఉంటే మీరే గుణించి చూసుకోవచ్చు.

ఇంతకీ లుకా ఏం చేసినట్టు? కారణాంకం పట్టకుండా సంయుక్త సంఖ్య అని ఎలా తేల్చాడు?

సంతలో కుండ కొనేవాళ్లను చూడండి. చేతిలోకి తీసుకుని వేలి కణుపుతో తడతారు. కంగుమంటే మంచిది. మొద్దుగా పలికితే పగులు ఉన్నట్టే. పగులు ఎక్కడుందో కంటికి కనిపించదు, వెతికే ఓపికా ఉండదు. చప్పుడే సాక్ష్యం. సంఖ్యలను కూడా అలా తట్టి చూడొచ్చు. లుకా వాడింది కొంచెం గడ్డు పద్ధతి. అదే వంశానికి చెందిన సులువైన పద్ధతి ఒకటి ఉంది. అది తెలియాలంటే పూలదండ కట్టాలి.

రెండు రంగుల దండ

చామంతులు, కనకాంబరాలు కలిపి ఐదు పూలతో దండ గుచ్చాలి. ప్రతి చోటా ఈ రెండింటిలో ఏదైనా పెట్టొచ్చు. మొత్తం ఎన్ని రకాల దండలు? ఒక్కో చోటికి రెండు వీలులున్నాయి కనుక, ఐదు చోట్లకు రెండును ఐదుసార్లు గుణిస్తే 32. వీటిలో అన్నీ చామంతులే ఉన్నది ఒకటి, అన్నీ కనకాంబరాలే ఉన్నది ఒకటి తీసేద్దాం. మిగిలినవి 30.

ఇప్పుడు ఒక దండ తీసుకుని మొదటి పువ్వును తెచ్చి చివర గుచ్చండి. కొత్త దండ వస్తుంది. మళ్లీ అలాగే చేయండి. ఐదుసార్లు తిప్పేసరికి మొదటి దండే తిరిగి వస్తుంది, అంతకు ముందు రాదు. అంటే దండలన్నీ ఐదేసి చొప్పున కుటుంబాలుగా చేరతాయి. ముప్పై దండలు, ఆరు కుటుంబాలు, శేషం లేదు. ఏడు పూలతో చేసినా ఇంతే. రెండును ఏడుసార్లు గుణిస్తే 128. రెండు తీసేస్తే 126. ఏడేసి చొప్పున పద్దెనిమిది కుటుంబాలు.

ఆరు పూలతో చేసి చూడండి. 64లో రెండు పోగా 62. ఇది ఆరుతో పోదు, రెండు మిగులుతుంది. ఎక్కడ బెడిసింది? చామంతి, కనకాంబరం, చామంతి, కనకాంబరం అని ఒకటి విడిచి ఒకటి గుచ్చిన దండను తిప్పండి. రెండు తిప్పులకే మొదటిదానికి వచ్చేసింది. దాని కుటుంబంలో ఉన్నవి రెండే దండలు. మూడు పూల వరుసను రెండుసార్లు వేసి గుచ్చిన దండలైతే మూడు తిప్పులకే తిరిగొస్తాయి. ఈ పొట్టి కుటుంబాల వల్ల లెక్క చెడింది.

కీలకమంతా ఇక్కడే ఉంది. దండ ముందుగా తిరిగి రావాలంటే, ఒక చిన్న ముక్కే మళ్లీ మళ్లీ వచ్చేలా గుచ్చి ఉండాలి. ఆ ముక్క పొడవు మొత్తం పూల సంఖ్యకు కారణాంకం కావాలి. ఐదుకు, ఏడుకు, 101కి అలాంటి ముక్క లేదు. కాబట్టి పూల సంఖ్య ప్రధానమైతే కుటుంబాలన్నీ సమానంగా తేలాలి. తేలలేదంటే ఆ సంఖ్య ప్రధానం కాదని ఖాయం. దాని కారణాంకం ఏమిటో మాత్రం ఈ లెక్క చెప్పదు. కుండ మొద్దుగా మోగింది, అంతే.

ఈ నియమాన్ని 1640లో ఒక ఉత్తరంలో పేర్కొన్నవాడు పియర్ ద ఫెర్మా. తులూజులో న్యాయాధికారి, గణితం ఆయనకు తీరిక వేళల వ్యాపకం. రుజువు రాయలేదు. దండల రుజువు తర్వాతివాళ్లు చెప్పింది.

101 పూల దండలు ఎన్ని అంటే 31 అంకెల సంఖ్య అవుతుంది, అంత పెద్ద సంఖ్యతో ఏం వేగుతాం అని అనుమానం రావచ్చు. దండలు అన్నీ గుచ్చక్కర్లేదు, శేషం చూసుకుంటూ పోతే చాలు. 91ని తడదాం. రెండుతో మొదలుపెట్టి ప్రతిసారీ వచ్చినదాన్ని దానితోనే గుణిస్తూ, 91 దాటినప్పుడల్లా శేషం మాత్రమే ఉంచుకోవాలి. 2, 4, 16, ఆపైన 256కు బదులు 74, తర్వాత మళ్లీ 16, ఇలా. ఆరు గుణకారాలతో రెండు 64సార్ల లెక్క దాకా వెళ్లిపోతాం. వాటిలో కావలసినవి ఏరి కలిపితే 91సార్ల లెక్క వస్తుంది. 91 ప్రధానమైతే చివరికి 2 మిగలాలి. మిగిలింది 37. పగిలిన కుండ.

సంఖ్యకు ఆరు వందల పైచిలుకు అంకెలున్నా ఇలాంటి గుణకారాలు రెండు వేల పైచిలుకు చేస్తే సరిపోతుంది. కంప్యూటరుకు అది క్షణాల పని. అదే సంఖ్యను భాగించి చూడాలంటే విశ్వంలోని పరమాణువులన్నీ ఒక్కో భాగహారం చేసినా చాలవు.

[మహావీరుడి హారాలు]
సంఖ్యల్లో దండలు చూడటం మనకు కొత్త కాదు. తొమ్మిదో శతాబ్దంలో రాష్ట్రకూట అమోఘవర్షుడి కాలంలో మహావీరాచార్యుడు రాసిన గణితసార సంగ్రహంలో, అటు నుంచి చదివినా ఇటు నుంచి చదివినా ఒకేలా ఉండే లబ్ధాలను మెడలోని హారంతో పోల్చిన గుణకారాలున్నాయి. 152207ను 73తో గుణిస్తే 11111111. 142857143ను ఏడుతో గుణిస్తే 1000000001. తిరగేసి చూస్తే ఇవి ఆ హారాలు ఎక్కడ విరుగుతాయో చెప్పే లెక్కలు కూడా. ఈ గ్రంథాన్నే పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు.

మంచి కుండలా మోగే దొంగలు

ఫెర్మా పరీక్ష ఒక వైపే నమ్మదగింది. తప్పిన సంఖ్య తప్పకుండా సంయుక్తమే. నెగ్గినదంతా ప్రధానం కాదు. 341ని రెండు రంగుల దండతో తట్టండి, కంగుమంటుంది. కానీ అది 11, 31ల లబ్ధం. మూడో రంగు పువ్వు తెచ్చి తడితే దొరికిపోతుంది.

561 ఇంకా ఘటికురాలు. 3, 11, 17లతో విరిగే ఈ సంఖ్య ఎన్ని రంగులు తెచ్చినా దొరకదు. ఇలాంటివాటికి 1910లో వాటి గురించి రాసిన అమెరికన్ గణితజ్ఞుడి పేరు మీద కార్మైకేల్ సంఖ్యలని పేరు. వరుసలో మూడోది మనకు బాగా పరిచయమున్నదే. ఆసుపత్రిలో ఉన్న రామానుజన్‌ను చూడటానికి ఇంగ్లండు గణితజ్ఞుడు హార్డీ ఎక్కి వచ్చిన టాక్సీ నంబరు, 1729. అందులో విశేషమేమీ లేదని హార్డీ అంటే, రెండు ఘనాల మొత్తంగా రెండు రకాలుగా రాయగలిగిన అతిచిన్న సంఖ్య అదేనని రామానుజన్ అన్న కథ అందరికీ తెలిసిందే. 7, 13, 19ల లబ్ధమైన ఆ సంఖ్యకు దొంగవేషం వేసే విద్య కూడా ఉంది. ఇలాంటి దొంగలకు అంతే లేదని, అనంతంగా ఉన్నారని 1994లో రుజువైంది.

1976లో గ్యారీ మిల్లర్, 1980లో మైకేల్ రాబిన్ తట్టే తీరును మార్చారు. మధ్యలో వచ్చే శేషాలను కూడా గమనించే ఈ పరీక్షను ఏ సంయుక్త సంఖ్యా ఎల్లకాలం మోసం చేయలేదు. ఒక్కసారి తడితే తప్పించుకునే అవకాశం నాలుగింట ఒక వంతుకు మించదు. ఇరవై సార్లు తడితే ఆ అవకాశం లక్ష కోట్లలో ఒకటి కంటే తక్కువ.

రహస్యాల తాళాలకు పెద్ద ప్రధాన సంఖ్యలు వాడే బ్యాంకులకు ఆ భరోసా చాలు, గణితజ్ఞులకు చాలదు. 'దాదాపు ఖాయం' అనే మాట వాళ్లకు నచ్చదు. అనుమానానికి తావులేకుండా, అంకెలు రెట్టింపైతే శ్రమ కొన్ని రెట్లు మాత్రమే పెరిగేలా ప్రధానత తేల్చే పద్ధతి ఉందా అన్న ప్రశ్నకు జవాబు 2002 ఆగస్టులో కాన్పూర్ ఐఐటీ నుంచి వచ్చింది. ఆచార్యుడు మణీంద్ర అగ్రవాల్, అప్పుడే బీటెక్ ముగించిన నీరజ్ కయాల్, నితిన్ సక్సేనా కలిసి ఉంది అని రుజువు చేశారు. ఫెర్మా నియమాన్నే సంఖ్యల నుంచి బీజగణిత సమాసాలకు విస్తరించడం అందులోని ఎత్తు. 2004లో ఆనల్స్ ఆఫ్ మేథమెటిక్స్‌లో అచ్చయింది, 2006లో గోడెల్ బహుమతి వచ్చింది. వాడకంలో మాత్రం మిల్లర్, రాబిన్‌ల పరీక్షే ఇప్పటికీ చురుకైనది. ఇది సిద్ధాంతం గెలుపు, వేగం గెలుపు కాదు.

కాన్పూర్ పద్ధతి కూడా తట్టి చూసేదే. సంయుక్తమని తేల్చినా కారణాంకం చేతికివ్వదు.

ఆ తేడా మీదే తాళాలు

1977లో మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో రివెస్ట్, షామిర్, ఏడెల్‌మాన్ ఈ తేడానే తాళంగా మలిచారు. ముగ్గురి పేర్ల మొదటి అక్షరాలతో ఆర్‌ఎస్‌ఏ అని పిలుస్తారు. మూడు వందల పైచిలుకు అంకెల ప్రధాన సంఖ్యలు రెండు కావాలి. అంత పెద్ద సంఖ్యల్లో సుమారు ఏడు వందలకొకటి ప్రధానం కాబట్టి, తోచిన సంఖ్య తీసుకుని తడుతూ పోతే త్వరగానే దొరుకుతాయి. రెండింటినీ గుణించి లబ్ధాన్ని లోకానికంతా చెప్పేయవచ్చు. ఆ లబ్ధంతో ఎవరైనా తాళం వేయగలరు. తీయాలంటే కారణాంకాలు తెలియాలి. బ్రౌజర్లో కనిపించే తాళం గుర్తు వెనక, డిజిటల్ సంతకాల వెనక ఉన్న తాళాల్లో ఇదొక పెద్ద జాతి.

తాళం ఎంత గట్టిదో చూపడానికి ఆ ముగ్గురూ 1977లోనే 129 అంకెల లబ్ధం ఒకటి ఇచ్చి, విడదీసినవారికి వంద డాలర్లు ఇస్తామన్నారు. 400 కోటి కోట్ల సంవత్సరాలు పడుతుందని రివెస్ట్ అప్పటి అంచనా. 1994లో సుమారు ఆరు వందల మంది ఔత్సాహికులు ఇంటర్నెట్‌లో చేతులు కలిపి ఎనిమిది నెలల్లో విరిచేశారు. యంత్రాలు వేగం పుంజుకోవడం ఒక్కటే కారణం కాదు, విరిచే ఉపాయాలు కూడా మెరుగయ్యాయి. జెవన్స్ కథే మళ్లీ. 2020 ఫిబ్రవరిలో 250 అంకెల సంఖ్య కూడా లొంగింది. ఒకే ప్రాసెసర్ కోర్‌తో చేసి ఉంటే దానికి సుమారు 2700 ఏళ్లు పట్టేది. సరిపడా పెద్ద క్వాంటం కంప్యూటరు తయారైతే ఇలాంటి సంఖ్యలను తేలిగ్గా విరవవచ్చని పీటర్ షోర్ 1994లోనే చూపించాడు. ఆ భయంతోనే వేరే తరహా తాళాల తయారీ ఇప్పటికే మొదలైంది.

ఆ పేరుతోనే వెలసిన ఆర్‌ఎస్‌ఏ సంస్థ పందెంగా పెట్టిన సంఖ్యల్లో అన్నిటికన్నా పెద్దదానికి 617 అంకెలున్నాయి. దాని మీద రెండు లక్షల డాలర్ల బహుమతి ఉండేది, 2007లో పందెమే ఎత్తేశారు. సంఖ్య మాత్రం ఇప్పటికీ అందరికీ అందుబాటులో ఉంది. ఏ మామూలు ల్యాప్‌టాప్‌తో తట్టినా అది పగిలిన కుండేనని క్షణంలో తెలుస్తుంది. దాని రెండు కారణాంకాలను మాత్రం ఇంతవరకు ఎవరూ బయటపెట్టలేదు.